దీపం వదిలేశాక ఇంకా తోస్తావేంటే

కార్తీక అమావాస్య వెళ్లిన మర్నాడు, అంటే మార్గశిర శుద్ధ పాడ్యమి తెల్లారగట్ల, మా కోనసీమలో ఏ కాలవ రేవు చూసినా దీపాలే. పోలి పాడ్యమి అంటాం, పోలి స్వర్గం అని కూడా అంటాం. నెలంతా దీపం పెట్టలేకపోయినవాళ్లు ఆ ఒక్కరోజు అరటి డొప్పలో 30 వత్తులు వెలిగించి నీళ్లలో వదిలితే నెలంతా పెట్టినట్టే అని పెద్దవాళ్ల మాట. దీపం వదిలాక చేత్తో మూడుసార్లు నీళ్లని ముందుకి తోసి పోలిని తలుచుకుని దణ్ణం పెట్టుకుంటాం, తర్వాత కథ చెప్పుకుని అక్షింతలు వేసుకుంటాం.

ఈ కథ నాకు ఊహ తెలిసినప్పట్నుంచి వింటున్నదే, కానీ లోపలికి దిగింది మాత్రం పోయినేడే, అది కూడా మా అత్తయ్యగారి నోటమ్మట వచ్చిన ఒక్క మాట వల్ల.

ముందు నా సంగతి చెప్పాలి. ఒక ప్రైవేట్ స్కూల్లో లెక్కలు చెప్తాను, సాయంత్రం ఇంట్లో ట్యూషన్లు, ఆదివారం డ్వాక్రా గ్రూపు పుస్తకాలు రాయడం, సార్వా కోతలొచ్చాయంటే కూలీలకి టీలు టిఫిన్లు. ఇందులో సగం ఎవరూ నా నెత్తిన పెట్టినవి కావు, నేనే అడిగి మరీ తెచ్చుకున్నవి. ఎందుకంటే ఖాళీగా ఉంటే నాకు భయం వేసేది. నిజంగా భయమే. మధ్యాహ్నం ఓ పావుగంట దొరికిందంటే వెంటనే లేచి బీరువా సర్దేదాన్ని, లేదంటే ఫోన్ తీసి స్కూల్ గ్రూపులో మెసేజ్‌లు చూసేదాన్ని, ఊరికే కూర్చుంటే ఏదో తప్పు చేస్తున్నట్టు, ఎవరైనా వచ్చి ఏం చేస్తున్నావ్ అని అడుగుతారేమో అన్నట్టు గుండె దడదడలాడేది. రాత్రి కళ్లు మూసుకున్నా రేపటి పనుల లిస్టే. బీపీ వచ్చింది, డాక్టరుగారు మాత్ర రాసి కాస్త రెస్ట్ తీసుకోండమ్మా అన్నారు, ఆ రెస్ట్ కోసం పెట్టుకున్న గంటలో కూడా కరెంటు బిల్లు, పాల లెక్క, పిల్లల ఫీజులు అన్నీ కళ్ల ముందు తిరిగేవి.

భక్తి కూడా అలాగే అయిపోయింది. ఆ కార్తీకంలోనే పంచారామాల బస్సెక్కాను, ఆదివారం రాత్రి ఎక్కితే సోమవారంతో అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట ఐదూ పూర్తయిపోతాయి. భీమవరం గునుపూడిలో సోమేశ్వరుడు పౌర్ణమికి తెల్లగా, అమావాస్య దగ్గరపడేకొద్దీ నలుపు తిరిగి కనిపిస్తాడని ప్రసిద్ధి కదా, మరి ఆరోజు స్వామి ఏ రంగులో ఉన్నాడో ఇప్పుడు నన్నడిగితే చెప్పలేను. గుళ్లోకెళ్లాను, దణ్ణం పెట్టాను, కానీ ఆ క్షణంలో నా బుర్ర పాలకొల్లు క్యూలో ఉంది. ద్రాక్షారామంలో భీమేశ్వరుడిది అంత ఎత్తు లింగం, కింద ఒకసారి, పై అంతస్తులోకి మెట్లెక్కి ఒకసారి దర్శనం చేసుకోవాలి, నేను పైకి ఎక్కానో లేదో కూడా గుర్తులేదండి. అన్నీ అయిపోయాయి అనుకుంటూ ఇంటికొచ్చాను. తప్పు బస్సుది కాదు. నా పక్కసీటు పెద్దావిడ ప్రతి గుళ్లోనూ ధ్వజస్తంభం దగ్గర కళ్లు మూసుకుని కాసేపు కదలకుండా నిలబడేది, అయినా ఎక్కడా బస్సుకి లేటవ్వలేదు.

ఇక పోలి కథ. అత్తకి అందరు కోడళ్లూ ఇష్టమే, చిన్నకోడలు పోలి అంటేనే గిట్టదు. కార్తీకమాసం వచ్చిందంటే మిగతా కోడళ్లని వెంటేసుకుని తెల్లారకుండా నదికి పోయి స్నానాలు, దీపాలు. పోలికి మాత్రం ఇంటెడు చాకిరీ పురమాయించి, ఆ పిల్ల ఎక్కడ దీపం పెట్టేసుకుంటుందో అని ఆ సామానంతా దాచేసి మరీ వెళ్లేది. పోలి ఏం చేసిందీ, పెరట్లో పత్తిచెట్టు కింద రాలిన పత్తి ఏరి వత్తి చేసుకుంది, మజ్జిగ చిలికిన కవ్వానికి అంటుకున్న వెన్న తీసి ఆ వత్తికి రాసింది, నూతి దగ్గర స్నానం చేసి దీపం పెట్టి, ఎవరి కంటా పడకుండా దానిమీద బుట్ట బోర్లించింది. మళ్లీ పనిలో పడింది. నెలరోజులూ ఇంతే. ఆఖరిరోజున దేవతలు విమానం తెచ్చి పోలిని బొందితో స్వర్గానికి తీసుకెళ్తుంటే, అది మన కోసమే అనుకున్న అత్త పోలి కాళ్లు పట్టుకుని వేలాడింది, అత్త కాళ్లు పట్టుకుని మిగతా కోడళ్లు. వాళ్లని మాత్రం కిందకి దింపేశారు.

చిన్నప్పుడు ఈ కథ వింటే అత్త మీద కోపం వచ్చేది. నా ఇంట్లో అలాంటి అత్త లేదు, మా అత్తయ్యగారు దేవతలాంటి మనిషి. కానీ ఆ అత్త నా లోపలే ఉందండీ. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి అది అయిందా, ఇది అయిందా, ఇంకా కూర్చున్నావేంటి అని పురమాయిస్తూనే ఉంటుంది, దీపం సామాను దాచేసేది కూడా ఆవిడే. నదికి వెళ్దాం పద అని గుళ్ల చుట్టూ పరిగెత్తించేదీ ఆవిడే.

నాకు ఎక్కువ తగిలింది ఆ కవ్వం మీద వెన్న. అది ఎంతుంటుంది, గోటితో గీకితే గోరు నిండదు. పోలి పని మానెయ్యలేదు, తీరిక దొరికాక దీపం పెడదాంలే అని కూడా అనుకోలేదు, ఎందుకంటే ఆ ఇంట్లో తీరిక అనేది ఎప్పటికీ దొరకదని దానికి తెలుసు. చిలికిన ఆ మజ్జిగలోంచే, చేసిన ఆ చాకిరీలోంచే వెన్న దొరికింది. మనం ఏమంటాం, కోతలయ్యాక, పిల్ల పెళ్లయ్యాక, రిటైరయ్యాక దేవుడి ముందు ప్రశాంతంగా కూర్చుంటాం అంటాం. మా అమ్మ కూడా ఇదే మాట అనేది, ఆవిడ కోతలు అవ్వనేలేదు.

పోయినేడు పోలి పాడ్యమి నాడు నాలుగున్నరకి రేవులోకి దిగాం. మంచు బాగా పట్టేసి అవతల గట్టు మీద కొబ్బరిచెట్లు కూడా కనపడట్లేదు. నా ధ్యాసంతా ఇంట్లో వంట మీద, ఏడున్నరకి స్కూల్ బస్సు మీద. డొప్ప నీళ్లలో పెట్టాను, మూడుసార్లు తోశాను, రెండు బారలు వెళ్లి గుర్రపుడెక్కలో ఇరుక్కుంది. మళ్లీ తోశాను. నాలుగు, ఐదు, ఆరు... కదల్లేదు. పక్కన పడున్న కొబ్బరిమట్ట తీసుకుని దాన్ని పొడుద్దామని ఇంకో మెట్టు దిగుతుంటే అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"వదిలేశాక ఇంకా తోస్తావేంటే అమ్మాయ్. మూడుసార్లు తొయ్యమన్నారు, తోసేవు. ఇంక అది గోదారమ్మ చూసుకుంటాది."

"అది కాదండీ అత్తయ్యగారూ, అక్కడ ఇరుక్కుపోయింది కదండీ."

"ఇరుక్కుంటే ఇరుక్కోనీ. ఎలుగుతుందిగా. కూచో."

కూర్చున్నాను. మొదటి ఐదు నిమిషాలు ఎంత కష్టమో చెప్పలేను, కాళ్లు వాటంతటవే లేచిపోతున్నాయి, చెయ్యి ఫోన్ కోసం వెతుకుతోంది, అది ఇంట్లోనే ఉండిపోయింది. కుక్కర్ పెట్టలేదు, టెస్ట్ పేపర్లు దిద్దలేదు, ఇవే. అత్తయ్యగారు ఏమీ మాట్లాడలేదు, నా చెయ్యి మాత్రం వదల్లేదు, ఆవిడ అరిచెయ్యి నీళ్లలో నాని ముడతలు పడి చల్లగా ఉంది. కాసేపటికి నేను ఆ దీపాన్ని చూడ్డం మొదలెట్టాను. గుర్రపుడెక్క ఆకుల అడుగుభాగం వెలుగు పడి పచ్చగా మెరుస్తోంది, మధ్యలో ఒక పువ్వు, ఊదారంగు రేకు మీద పసుప్పచ్చ చుక్క, ఇన్నేళ్లుగా దాన్ని కాలవకి పట్టిన పీడ అనే తప్ప పువ్వులా ఎప్పుడూ చూడలేదు. వత్తులు ఒకదాని మీదకి ఒకటి వాలుతూ ఒక్కొక్కటే కొండెక్కాయి. దీపం ఆరిపోయింది అనకూడదు, కొండెక్కింది అనాలి అని చిన్నప్పట్నుంచి అమ్మ దిద్దేది, అశుభం పలకకూడదని అలా అంటారు అనుకున్నాను అంతే. ఆఖరి వత్తిలోంచి సన్నగా పొగ లేచి మంచులో కలిసిపోతుంటే అది నిజంగానే ఎక్కుతున్నట్టు కనపడింది, ఎందుకో కళ్లమ్మట నీళ్లొచ్చేశాయి.

ఇంటికొచ్చేసరికి మావారు పాలు కాచేశారు. స్కూల్‌కి పది నిమిషాలు లేటయింది, ఎవరూ ఏమీ అనలేదు.

గీతలో ఆరో అధ్యాయం 25వ శ్లోకం "శనైః శనైరుపరమేద్బుద్ధ్యా ధృతిగృహీతయా, ఆత్మసంస్థం మనః కృత్వా న కించిదపి చింతయేత్". ధైర్యంతో పట్టుకున్న బుద్ధితో మెల్లమెల్లగా విరమించుకో, మనసుని ఆత్మలో నిలిపి ఇంకేమీ తలచకు అని. శనైః అని ఒక్కసారి అని ఊరుకోలేదు స్వామి, శనైః శనైః అన్నాడు. పారే నీటికి ఒక్కసారిగా అడ్డం కొడితే గట్టు తెగుతుంది, డెల్టాలో పుట్టినవాళ్లకి ఇది ఇంకొకరు చెప్పక్కర్లేదు. మా కాలవలే చూడండి, 1852కి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక వచ్చిన వ్యవస్థ, ఇప్పుడు సుమారు 10 లక్షల ఎకరాలకి నీళ్లిస్తోంది, అయినా ఏటా ఎండాకాలం కాలవలు కట్టేస్తారు. పూడిక తియ్యాలన్నా, లాకుల తలుపులు బాగుచెయ్యాలన్నా అప్పుడే కుదురుతుంది. నీళ్లు పారుతుంటే అడుగున ఏముందో ఎవరికి కనపడుతుంది?

ఒక్కరోజులో మారిపోయానని అబద్ధం చెప్పను, బీపీ మాత్ర ఇంకా వేసుకుంటున్నాను, లోపలి అత్త ఇంకా పురమాయిస్తూనే ఉంది. డ్వాక్రా పుస్తకాలు ఇంకొకావిడకి అప్పజెప్పాను, రెండు వారాలు బెంగగా ఉండింది, ఆవిడ నాకంటే బాగానే రాస్తోంది. పొద్దున్న దేవుడి దగ్గర దీపం పెట్టి ఇదివరకు అటునుంచి అటే వంటింట్లోకి పరిగెత్తేదాన్ని, ఇప్పుడు అక్కడే కూర్చుంటున్నాను, ఐదు నిమిషాలు, ఒక్కోరోజు రెండే. జపం కూడా లెక్కపెట్టట్లేదు. మనసు స్కూల్‌కి పోతుంది, రమ్మంటాను, మళ్లీ పోతుంది, మళ్లీ రమ్మంటాను.

ఆరోజు సాయంత్రం సంగతి ఒకటి చెప్పడం మర్చిపోయాను. బస్సు దిగి ఇంటికొస్తూ కావాలనే రేవు దగ్గర ఆగాను. గుర్రపుడెక్క పొద్దున్న ఉన్నచోటే ఉంది, పువ్వు కొంచెం వాడింది. డొప్ప లేదు. రేవులో బట్టలుతుకుతున్న అమ్మాయిని అడిగితే తను వచ్చేసరికే అక్కడేమీ లేదంది.