రాళ్లు విసిరిన కొండకే

చిన్నప్పుడు కనుమ రోజు మా మామ్మ నన్ను అనకాపల్లి దగ్గరున్న శంకరం అనే ఊరికి తీసుకెళ్లేది. బొజ్జన్నకొండ దిగువన పొట్టలా ఉబ్బిన రాయి ఒకటి ఉంటుంది. "అది రాక్షసుడురా, గట్టిగా కొట్టు" అనేది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా రాళ్లు విసిరేవారు. నేనూ విసిరాను. ఆ ఆచారం ఇప్పుడు ఆగిపోయింది.

ముప్పై ఏళ్ల తర్వాత, మొన్న బుద్ధ పౌర్ణమికి అమ్మతో కలిసి అక్కడికే వెళ్లాను. అనకాపల్లి నుంచి ఆటోలో పావుగంట కూడా పట్టలేదు. బౌద్ధ భిక్షువులుండే చోటుకి పేరైన సంఘారామం అన్న మాటే జనం నోట్లో నలిగి శంకరం అయిందని, బుద్ధుడి కొండే బొజ్జన్నకొండ అయిందని చెబుతారు.

మెట్లెక్కితే పెద్ద గుహ. లోపల 16 స్తంభాలు నిలబెట్టారు. నిలబెట్టారంటున్నాను గానీ, నిజానికి చుట్టూ రాయి తొలిచేసి వాటిని మిగిల్చారు, అంతే. కొన్ని విరిగిపోయాయి. నడుమ చదరపు అరుగు మీద స్తూపం, అదీ ఆ కొండరాయే. గుమ్మానికి అటూ ఇటూ ద్వారపాలకులు, పైన ధ్యానంలో బుద్ధుడు. అమ్మ చాలాసేపు చూసి, "ఈయన్నేనేంట్రా మనం కొట్టింది?" అంది. నేనేం మాట్లాడలేదు.

కొండ మీది మహాస్తూపం కట్టిన తీరు నాకు భలే నచ్చింది. అడుగుభాగం రాతిలోంచే చెక్కి, దాని చుట్టూ ఇటుక పేర్చారు. పక్కనే భిక్షువులుండే గదుల పునాదులు. ఒక్కోదాంట్లో మనిషి చాప పరుచుకునేంత చోటు. 1906 ప్రాంతంలో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వించినప్పుడు సముద్రగుప్తుడి బంగారు నాణెం, తూర్పు చాళుక్య రాజు కుబ్జ విష్ణువర్ధనుడి రాగి నాణేలు, శాతవాహనుల సీసపు నాణెం దొరికాయి. ఏమీ దాచుకోకూడని సన్యాసుల దగ్గర బంగారమేంటో! ఏ వర్తకుడో సమర్పించుకుని ఉంటాడు.

పడమర వైపు లింగాలకొండ. గుట్టంతా చిన్నా పెద్దా రాతి స్తూపాలే, వరసలు వరసలుగా. వాటిని శివలింగాలనుకుని జనం ఆ పేరు పెట్టారు. బౌద్ధంలోని హీనయానం, మహాయానం, వజ్రయానం అనే మూడు శాఖలూ ఈ రెండు కొండల మీదా నడిచాయి.

దిగేటప్పుడు ఆ పొట్టరాయి దగ్గర అమ్మ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. వైశాఖపు ఎండ, బండ కాలిపోతోంది. నాలుగడుగులు వేసి, "అమ్మో" అంటూ మళ్లీ తొడుక్కుంది.