హుకుంపేట దాకా చాలు

డిసెంబరులో అరకు వెళ్దాం, సైకిళ్ళు కూడా తీసుకెళ్దాం అనగానే తమ్ముడు ఎగిరి గంతేశాడు. వాడి లెక్కలో అరకు అంటే శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఘాట్ మీదుగా తొక్కుకుంటూ ఎక్కడం. నా లెక్కలో జీపులో పైకి వెళ్ళి, అక్కడ సైకిళ్ళు దింపడం. "అక్కా, ఘాట్ ఎక్కకపోతే అసలు వెళ్ళినట్టే కాదు" అన్నాడు. "ఎక్కి వచ్చి రెండు రోజులు లాడ్జిలో కాళ్ళు పట్టుకుని కూర్చుంటే వెళ్ళినట్టా?" అన్నాను. జీపు మాట్లాడేది నేను, గది మాట్లాడేది నేను. కాబట్టి వాదన అక్కడితో ముగిసింది.

నాకు కావలసింది ఊళ్ళ మధ్య తిరిగే ఒక రోజు. అందుకు అరకు లోయ భేషుగ్గా సరిపోతుంది. కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం సిమిలిగుడ స్టేషను దగ్గర 996 మీటర్ల ఎత్తుకు ఎక్కి, అక్కడి నుంచి అరకు వైపు దిగుతుంది. లోయ సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అంటే అరకులో దిగేసరికి పెద్ద ఎక్కుడు మన వెనక ఉండిపోతుంది. అక్కడి నుంచి డుంబ్రిగుడ, హుకుంపేట మీదుగా పాడేరు దాకా వెళ్ళే రోడ్డు 516ఈ జాతీయ రహదారి. పాడేరు సుమారు 45 కిలోమీటర్లు. రానుపోను తొంభై నాకు వద్దు. హుకుంపేటలో టీ తాగి వెనక్కి తిరిగితే అరవైకి కాస్త అటూ ఇటూగా తేలుతుంది.

అరవై అంటే ఎంత అని తేలిగ్గా తీసుకోకూడదు. విశాఖ నుంచి భీమిలి వెళ్ళి వచ్చే దూరం దీనికి కొంచెమే తక్కువ. అది తొక్కి టిఫిన్ వేళకు ఇంట్లో ఉంటాను. కొండల్లో కిలోమీటరు మాట నమ్మడానికి లేదు. ఫోనులో మార్గం గీస్తే కింద ఎత్తుల గీత ఒకటి వస్తుంది కదా, అందులో అందరూ చూసేది మొత్తం ఎక్కుడు ఎంత అని. నేను ఆ అంకె జోలికి పోను. ఆరువందల మీటర్ల ఎక్కుడు రోజంతా కొంచెం కొంచెంగా వస్తే హాయి, రెండే గుట్టల్లో వస్తే శిక్ష. వాలు ఎనిమిది శాతం దాటిన చోట్లు, అంటే వంద మీటర్ల దూరంలో ఎనిమిది మీటర్లకు మించి పైకి లేచే చోట్లు, ఒక కాగితం మీద రాసుకుంటాను. పొద్దున నవ్వుకుంటూ దిగిన ప్రతి పల్లం మధ్యాహ్నం ఎక్కుడై ఎదురొస్తుంది కాబట్టి, అవి వేరే రంగు పెన్నుతో.

గేర్ల సంగతి తమ్ముడికి చెప్పి చెప్పి విసిగిపోయాను. నా సైకిలుకు ముందు చిన్న పళ్ళచక్రానికి 34 పళ్ళు, వెనక పెద్దదానికి కూడా 34. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక టైరూ ఒక చుట్టే. నిమిషానికి అరవై చుట్లు తొక్కితే గంటకు ఏడున్నర కిలోమీటర్ల వేగం, ఊపిరి అందుతుంది, పక్కవాళ్ళతో మాట్లాడవచ్చు. వాడిది ముందు 36, వెనక 28. అవే అరవై చుట్లకు వాడు గంటకు దాదాపు పది కిలోమీటర్లు పోవాలి, లేదంటే మోకాళ్ళతో తోయాలి. వాడి వయసులో మోకాళ్ళు ఉచితమే అనిపిస్తుంది.

ఈ రోడ్డు మీద నేను భయపడేది లారీలకు కాదు, చోళ్ళకు, అంటే రాగులకు. వాహనాల చక్రాల కింద నలిగితే గింజ రాలుతుందని కోత కాలంలో రైతులు పంటను తారు మీదే పరుస్తారు. కారు వాళ్ళకు ఏమీ తెలియదు. సైకిలు మాత్రం ఎండుగడ్డి మీద పక్కకు జారుతుంది. ఒక్కో పరక వెనక గేర్ల కింద వేలాడే చిన్న పళ్ళచక్రాల్లో చుట్టుకుంటుంది. బలవంతంగా తొక్కితే చైను బిగుసుకుని, ఆ చక్రాలను పట్టి ఉంచే కొక్కెమే వంగిపోతుంది. పరక కనబడగానే దిగి, సైకిలు అంచున నడిపించుకుని వెళ్ళడం మేలు. అయినా మరొకరి తిండి గింజల మీద తొక్కుకుంటూ పోవడం నాకు నచ్చదు.

పొగమంచు వల్ల తెల్లవారుజామున బయలుదేరే మాట లేదు. ఎదుటి వాహనం కనబడేదాకా ఆగడమే, వెనక ఎర్రలైటు మాత్రం పగలంతా వెలగాలి. శనివారం, ఆదివారం పర్యాటకుల కార్లు. శుక్రవారం అరకు సంత, జీపుల నిండా జనం, రోడ్డు పక్కన మేకలు. అందుకని మంగళవారం ఖాయం చేశాను. వలిసె అనే నూనెగింజల పంట పూలు అప్పటికి ఇంకా మిగిలి ఉంటే సంతోషం. ఫోటో కోసం చేలోకి దిగి మొక్కలు తొక్కేవాళ్ళను చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. గట్టు మీద నుంచి తీసినా పసుపు పసుపే. దారిలో చాపరాయి వాగు దగ్గర రాళ్ళ మీద సైకిలు బూట్లతో నడవడం నిషిద్ధం అని తమ్ముడికి ముందే చెప్పాను. బొంగులో చికెన్ తిరిగి వచ్చాక. దారిలో ఇడ్లీ, అరటిపండు, వేరుశనగ అచ్చు చాలు.

బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్త వచ్చిందంటే ప్రయాణం వాయిదా. ఇందులో చర్చ లేదు.

ఘాట్ సంగతి ఎటూ తెగక చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. తిరుగు ప్రయాణంలో వాడు సైకిలు మీదే దిగుతాడు, నేను వెనక జీపులో వస్తాను. బ్రేకు పట్టుకునే ఉంటే రిమ్ము కాలిపోతుంది. మలుపుకు ముందే గట్టిగా పట్టి, మలుపులో వదిలెయ్యాలి. ఇదంతా వాడికి తెలుసట. బ్రేకు రబ్బర్లు కొత్తవి వేయించి చూపిస్తేనే వాడి సైకిలును జీపు ఎక్కనిస్తానన్నాను. ఆదివారం తెచ్చి చూపిస్తానన్నాడు.