ముందు ఇస్త్రీ, తర్వాతే కెమెరా

అనంతపురంలోనో కడపలోనో పెళ్లి ఫొటోలు తీసి చెయ్యి తిరిగాక, ఫొటోగ్రఫీ చదవడానికి లండన్ వచ్చే మన పిల్లల్లో కొందరి మనసు మెల్లగా మగవాళ్ల ఫ్యాషన్ వైపు మళ్లుతుంది. కోటు, చొక్కా, ప్యాంటు, బూట్లు. చూడ్డానికి చాలా సాదా వ్యవహారం. కష్టమంతా ఆ సాదాతనంలోనే ఉంది. జరీ, నగలు, రంగులు లేనిచోట భుజం కుట్టు దగ్గర ఒక్క ముడత పడినా కన్ను నేరుగా అక్కడికే పోతుంది.

పెళ్లి ఫొటోలో మొహం బాగుంటే చాలు. పెళ్లికొడుకు షేర్వాణీ కాలరు మెడ వెనక వేలెడు లేచి ఉన్నా ఎవరూ పట్టించుకోరు. మగవాళ్ల ఫ్యాషన్‌లో అయితే ఆ ఫొటో వెనక్కి వస్తుంది. అందుకే కెమెరా బాగా తెలిసినవాడికంటే దర్జీ కన్ను ఉన్నవాడు ఈ పనిలో త్వరగా నిలబడతాడు. అనంతపురం జిల్లా రాయదుర్గంలో జీన్సు కుట్టే ఇళ్ల మధ్య పెరిగినవాళ్లు కుట్టు ఎక్కడ లాగుతోందో చూడగానే చెప్పేస్తారు. ఆ చూపును చిన్నచూపు చూసుకోవద్దు. కాలేజీలో ఎవరూ నేర్పనిది అదే.

స్టూడియోలో అసిస్టెంటుగా చేరితే మొదట చేతికిచ్చేది స్టీమరు, అంటే బట్టలకు ఆవిరి పట్టే యంత్రం. ఉన్ని కోటు మీద వేడి ఇస్త్రీపెట్టె నేరుగా ఆనిస్తే నూగు అణిగిపోయి మెరిసే మచ్చ పడుతుంది. ఫ్లాష్ వెలిగినప్పుడు ఆ మచ్చ అద్దంలా తళుక్కుమంటుంది, తర్వాత కంప్యూటర్‌లో ఫొటో దిద్దే రీటచింగులో దాన్ని తీయడం గంటల పని. కాబట్టి ఉన్నికి ఆవిరే పట్టాలి, వీలైతే లోపలివైపు నుంచి. పట్టాక ఐదు నిమిషాలైనా హ్యాంగరు మీద ఆరనివ్వాలి. చెమ్మ ఉండగానే తొడిగితే మోచేతి మడతలో కొత్త ముడతలు పడి అలాగే ఆరిపోతాయి. కోటు ముందు భాగంలో బయటికి మడిచి ఉండే ల్యాపెల్‌ను మడత మీద అణచకూడదు. అది మెడ దగ్గర నుంచి గుండీ దాకా మెత్తగా ఒంపు తిరిగి దిగాలి, పలకలా పడుకుంటే కోటు చవకగా కనిపిస్తుంది. నూలు చొక్కాకు మాత్రం ఇస్త్రీపెట్టే దిక్కు.

తర్వాత ఫిట్టింగు. షూటింగుకు వచ్చే నమూనా బట్టలు చాలావరకు ఒకే సైజులో ఉంటాయి, మోడల్ నడుము మాత్రం ఆ సైజులో ఉండదు. వదులును వెన్నెముక వెంట వెనక్కి లాగి క్లిప్పులు పెడతారు. రెండు వైపుల నుంచీ సమానంగా లాగాలి. రెండంగుళాలు దాటి లాగితే పక్క కుట్లు వెనక్కి జరిగి జేబులు నోరు తెరుస్తాయి, ముందు నుంచి చూస్తేనే మోసం తెలిసిపోతుంది. చొక్కా వదులైతే పక్క కుట్టు దగ్గర మడిచి, వెనక్కి తిప్పి, ప్యాంటులోకి దోపాలి. కోటు చేతి కింద చొక్కా కఫ్ అరంగుళం కనిపించాలి. రెండు గుండీల కోటుకు కింది గుండీ పెట్టకూడదు. దాన్ని కత్తిరించిన తీరే అలాంటిది, పెడితే పొట్ట మీద ఇంటూ గుర్తులా గుడ్డ లాగుతుంది.

కొత్త కోటు వెనక చీలికకు ఇంటూ ఆకారంలో ఒక దారం కుట్టి ఉంటుంది, చేతి మీద కంపెనీ గుడ్డ పట్టీ ఉంటుంది. అవి తొడుక్కునే ముందు తీసేయాల్సినవి. కానీ ఆ కోటు మళ్లీ అమ్మకానికి వెళ్లేదైతే అడగకుండా కత్తెర పెట్టొద్దు. వెనక వైపు ఫొటోలో ఆ దారం కనబడి మొత్తం వరస మళ్లీ తీయాల్సి రావడం కొత్తవాళ్ల చేతుల్లో తరచూ జరిగేదే. గుండుసూదులు పెట్టేటప్పుడు లెక్కపెట్టి, తీసేటప్పుడు మళ్లీ లెక్కపెట్టాలి. ఒక్కటి తగ్గినా అది గుచ్చుకునేది ఇంకొకరి ఒంట్లోనే.

ఇక లైటు. అమ్మకానికి తీసే ఫొటోల్లో తెల్ల వెనకతెర మామూలు. మోడల్ తెరకు రెండు మీటర్ల దూరంలో నిలబడాలి, తెరకు వేరే లైట్లుండాలి. తెర మీద వెలుగు మోడల్ మీద పడే వెలుగు కంటే అర స్టాపు, మహా అయితే ఒక స్టాపు (ఒక స్టాపంటే వెలుగు రెట్టింపు) ఎక్కువ ఉంటే చాలు. ఇంకా పెంచితే ఆ వెలుగు వెనక నుంచి ఒంటి చుట్టూ పాకి తెల్ల చొక్కా భుజం గీతను తినేస్తుంది. దానికి మందు, ఫ్రేముకు అవతల రెండు పక్కలా నిలబెట్టే నల్ల పాలీబోర్డులు. ఎనిమిదడుగుల థర్మకోల్ పలకలవి, ఒకవైపు నలుపు, ఇంకోవైపు తెలుపు. నల్ల వైపు తిప్పితే అంచు గీత తిరిగొస్తుంది, తెల్ల వైపు తిప్పితే నీడ తేలికవుతుంది.

నేవీ బ్లూ కోటు నల్లగా మారిపోవడం ఇంకో తలనొప్పి. ముందు నుంచి మెత్తటి లైటు ఎంత పెంచినా నేత కనిపించదు, పైగా చొక్కా మరీ తెల్లగా మారి అందులో దారం కనిపించకుండా పోతుంది. పక్కనుంచి, కాస్త వెనకనుంచి సన్నగా పొడుగ్గా ఉండే లైటు డబ్బా, స్ట్రిప్ బాక్సు, పెట్టి వెలుగును గుడ్డ మీద ఏటవాలుగా జారనివ్వాలి. అప్పుడు పడుగూ పేకా లేచి కనిపిస్తాయి. కెమెరాలో ఐఎస్ఓ (సెన్సరు సున్నితత్వం) 100, లెన్సు రంధ్రం ఎఫ్/8 నుంచి ఎఫ్/11, షట్టర్ సెకనులో 1/125 వంతు దగ్గర మొదలుపెట్టి, చొక్కా తెలుపులో దారం కనిపిస్తోందా లేదా చూసుకుంటూ సర్దుకోవాలి.

సన్నటి గళ్లు, సన్నటి చారలు ఉన్న గుడ్డ మీద ఇంద్రధనుస్సు అలలు వస్తాయి. దాన్ని మోయిరే అంటారు. సెన్సరులోని పిక్సెల్ వరసలూ గుడ్డలోని దారపు వరసలూ ఒకదాని మీద ఒకటి పడి తగాదా పెట్టుకోవడమే కారణం. ముందుగా ఫొటోను వంద శాతం పెద్దది చేసి చూడాలి, చిన్నగా చూస్తున్నప్పుడు స్క్రీనే లేని అలలు పుట్టిస్తుంది. నిజంగానే ఉంటే ఒక అడుగు ముందుకో వెనక్కో జరగాలి, లేదా మోడల్‌ను కొద్దిగా తిప్పాలి. అదీ కుదరకపోతే లెన్సు రంధ్రాన్ని ఎఫ్/16కి తగ్గిస్తే బొమ్మ కాస్త మెత్తబడి అలలు తగ్గుతాయి. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో బ్రష్షుతో రుద్దొచ్చులే అనుకుంటే రంగు పోతుంది గానీ వెలుగునీడల చారలు మిగిలిపోతాయి.

నిలువెత్తు ఫొటోకు కెమెరా మోడల్ బొడ్డు ఎత్తులో ఉండాలి, 85 మిల్లీమీటర్ల లెన్సు మంచిది. కంటి ఎత్తు నుంచి 35తో తీస్తే తల పెద్దదై కాళ్లు పొట్టివవుతాయి, ప్యాంటు కొలతే మారినట్టుంటుంది. లైటు మోసే సీ-స్టాండులో బరువు అన్నిటికన్నా ఎత్తైన కాలు మీదుగా రావాలి, ఇసుక సంచి ఆ కాలు మీదే వెయ్యాలి. లైటు మనకు అవతలివైపు ఉండేలా స్టాండు వెనక నిలబడి చూసినప్పుడు, స్టాండు చేతిని బిగించే మర కుడివైపు ఉంటే బరువు దిగేకొద్దీ అదే బిగుసుకుంటుంది, ఎడమవైపుంటే వదులై లైటు మనిషి మీద పడుతుంది.

ఇప్పుడు పని విషయం. బ్రిటన్‌లో డిగ్రీ, పీజీ చదివే స్టూడెంట్ వీసా మీద క్లాసులు జరిగే కాలంలో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. వారం సోమవారంతో మొదలై ఆదివారంతో ముగుస్తుంది. ఇంతవరకు అందరికీ తెలుసు. మనవాళ్లు జారిపడేది ఇంకోచోట. ఈ వీసా మీద సొంతంగా వ్యాపారం చేయకూడదు, ఫ్రీలాన్స్ ఫొటోగ్రఫీ కూడా అందులోకే వస్తుంది. ఆదివారం ఎవరో తెలుగువాళ్ల సీమంతం తీసి బిల్లు ఇచ్చినా, చిన్న బ్రాండుకు నాలుగు చొక్కాలు తీసి డబ్బు తీసుకున్నా గంటలతో సంబంధం లేకుండా తప్పే. స్టూడియో జీతపు లెక్కలో ఉద్యోగిగా చేరి, పే స్లిప్పు తీసుకుంటూ పని చేయొచ్చు. చదువయ్యాక గ్రాడ్యుయేట్ రూట్ వీసాకు మారితే సొంతపనీ చేసుకోవచ్చు. అనుమానం ఉంటే స్నేహితుణ్ణి అడగొద్దు, యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల విభాగాన్ని అడగండి. అడిగినందుకు ఎవరూ ఏమీ అనరు.

ఫొటో ఎవరిదన్నది కూడా ముందే తెలుసుకోవాలి. 1988 నాటి బ్రిటిష్ కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగిగా తీసిన ఫొటో, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిది. సాధన కోసం సొంతంగా చేసిన టెస్ట్ షూట్ మీది. బట్టలు దుకాణానికి రావడానికి నెలల ముందే ఫొటోలు తీస్తారు కాబట్టి, సెట్ మీద సెల్‌ఫోన్‌తో తీసిందైనా సరే, విడుదలకు ముందు ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే ఉద్యోగం పోతుంది. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో 1972 నుంచి జరుగుతున్న మగవాళ్ల ఫ్యాషన్ ప్రదర్శన పిట్టి ఉవోమో ఏటా జనవరిలో, జూన్‌లో ఉంటుంది. మగవాళ్ల బట్టలు అంతగా ఒకచోట చూసే అవకాశం అరుదు. అయితే బ్రిటన్ వీసా అక్కడ చెల్లదు, ఇటలీ లాంటి యూరప్ దేశాలకు చెల్లే షెంగెన్ వీసాకు ముందుగానే పెట్టుకోవాలి.

సెలవులకు ఊరొచ్చినప్పుడు సాధన ఆపనక్కర్లేదు. రాయదుర్గంలో కుట్టిన జీన్సు ఒకటి తీసుకోండి. ఉత్తరం వైపు కిటికీ పక్కన వేలాడదీసి, ఎదురుగా తెల్ల థర్మకోల్ షీటు నిలబెట్టండి. ముందు, వెనక, పక్క, జేబు, రివెట్టు, కింది అంచు: ఆరు ఫ్రేములు తీయండి. తొడ మీద వాష్ చేసిన తెల్ల గీతలు కనబడాలంటే జీన్సును కిటికీ వైపు ఏటవాలుగా తిప్పాలి. ఆరు ఫొటోల్లో నీలం ఆరు రకాలుగా వచ్చిందంటే, కెమెరాలో రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్సు ఆటోలో ఉండిపోయిందేమో ముందు అది చూడండి.