స్టిరాయిడ్ల చాప్టర్ నాకు ఎలా అర్థమైందంటే

జీప్యాట్‌కి (ఎం.ఫార్మసీ ప్రవేశ పరీక్షకి) చదివేవాళ్ళకు ఈ చాప్టర్ గురించి ఒక్క మాట చెప్పాలి. మందుల పేర్లతో మొదలుపెట్టకండి. నేను అలాగే మొదలుపెట్టి మాక్ టెస్టులో మూడు ప్రశ్నలు తప్పు చేశాను. నాలుగేసి మార్కులు రాకపోగా, ఒక్కోదానికి మైనస్ ఒకటి.

అప్పుడు బెంగళూరు మారతహళ్ళిలో పీజీ హాస్టల్లో ఉంటూ పగలు మెడికల్ షాపులో పనిచేసేదాన్ని. ఒక రోజు మన అనంతపురం వైపు ఆమె వచ్చింది, బిల్డింగ్ పనికి వచ్చినవాళ్ళు. చేతిలో డెక్సామెథసోన్ అనే స్టిరాయిడ్ మాత్రల ఖాళీ స్ట్రిప్. మోకాళ్ళ నొప్పికని ఎవరో ఇస్తే నాలుగు నెలలు వాడిందట. "మొకం ఉబ్బింది గదమ్మా, అందుకే మానేస్తి. ఇప్పుడు కండ్లు తిరుగుతాండాయి, వాంతులు" అంది. వెంటనే ఆసుపత్రికి పంపించాం.

ఆ రాత్రి పుస్తకం తీస్తే మొత్తం వేరేగా కనిపించింది. మెదడులోని హైపోథాలమస్ దాని కిందున్న పిట్యూటరీ గ్రంథికి చెబుతుంది, పిట్యూటరీ ఏసీటీహెచ్ అనే హార్మోన్ పంపుతుంది, దాంతో కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథి కార్టిసాల్ అనే మన ఒంటి సొంత స్టిరాయిడ్‌ని తయారుచేస్తుంది. బయటి నుంచి స్టిరాయిడ్ వస్తుంటే ఈ గొలుసు నిద్రపోతుంది, అడ్రినల్ చిక్కిపోతుంది. అందుకే మూడు వారాలు దాటి వాడితే ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. మామూలుగా పొద్దున్నే వేసుకోమనేది కూడా శరీరంలో కార్టిసాల్ అప్పుడే ఎక్కువ ఉంటుంది కాబట్టి.

ఈ గొలుసు పట్టుబడితే మోతాదుల టేబుల్ దానంతట అదే వస్తుంది. హైడ్రోకార్టిసోన్ 20 మి.గ్రా., ప్రెడ్నిసోలోన్ 5, మిథైల్‌ప్రెడ్నిసోలోన్ 4, డెక్సామెథసోన్ 0.75: ఈ మోతాదుల్లో నాలుగూ సమానంగా పనిచేస్తాయి. ఈ వరుసలో కిందికి వచ్చేకొద్దీ ఉప్పు, నీరు పట్టి ఉంచే గుణం తగ్గుతుంది. అందుకే అడ్రినల్ సరిగా పనిచేయని అడిసన్స్ జబ్బుకు హైడ్రోకార్టిసోన్, మెదడులో కణితి చుట్టూ వాపుకు డెక్సామెథసోన్. నెలలు నిండకుండా పుట్టబోయే బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి డెక్సా లేదా బీటామెథసోన్ ఇస్తారు, ప్రెడ్నిసోలోన్ ఇవ్వరు. దాన్ని మాయ (ప్లాసెంటా) చాలావరకు నిర్వీర్యం చేసేస్తుంది. ఈ 'ఎందుకు' తెలిస్తే ఆప్షన్లు మార్చి అడిగినా టెన్షన్ ఉండదు.

దుష్ప్రభావాలు కౌంటర్ దగ్గరే గుర్తుండిపోయాయి. షుగర్, బీపీ పెరగడం, ఎముకలు గుల్లబారడం, ఇన్ఫెక్షన్లు. బ్యుడెసొనైడ్ ఇన్‌హేలర్ తీసుకున్నవాళ్ళకు నోరు పుక్కిలించి ఉమ్మమని చెప్పేదాన్ని, లేకపోతే నోట్లో ఫంగస్ పడుతుంది. తెల్లబడటానికని బీటామెథసోన్ క్రీమ్ అడిగే అమ్మాయిలకు మాత్రం ఇచ్చేదాన్ని కాదు. ముఖం చర్మం పలచబడి ఎర్రగా మారిపోతుంది. 2018లో ఇలాంటి క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు, చీటీ లేకుండా అమ్మకూడదు.

నెల తర్వాత ఆమె చీటీతో వచ్చింది. ప్రెడ్నిసోలోన్, వారం వారం తగ్గే మోతాదు, పొద్దున తిన్నాక. ఏ తేదీ దాకా ఎన్ని మాత్రలో కవరు మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాను.