మా మనవడు స్టార్టిల్ అయ్యాడు

ఇంగ్లిషు నేర్పే పుస్తకాలతో నాకో పేచీ ఉంది. సర్‌ప్రైజ్ అంటే ఆశ్చర్యం, అస్టానిష్ అంటే ఆశ్చర్యం, అమేజ్ అంటే ఆశ్చర్యం, చివరికి స్టార్టిల్ అన్నా ఆశ్చర్యపరచుటే. అన్నిటికీ ఒకే అర్థం రాసి పడేస్తే ఇన్ని మాటలు బట్టీ కొట్టడం దేనికి? తెలుగు మీడియంలో టెన్త్ చదివి, పెళ్లయ్యాక బాపట్ల చుట్టుపక్కలే కాలం గడిపినదాన్ని. నాకు ఈ స్టార్టిల్ సంగతి తేలింది టెక్సస్‌లో, మా అమ్మాయి పురిటికి వెళ్లినప్పుడు.

అక్కడి ఇళ్లలో వంటిల్లూ హాలూ కలిసే ఉంటాయి. పప్పులోకి తిరగమోత పెడుతుంటే ఎండుమిరపకాయల ఘాటు పైకి లేచింది. అంతే, సీలింగ్‌కి బిగించిన పొగ అలారం చెవులు చిల్లులు పడేలా అరిచింది. తొట్టిలో పసివాడు రెండు చేతులూ బార్లా చాపాడు. వేళ్లన్నీ విచ్చుకున్నాయి. ఒక్క క్షణం అలాగే గాల్లో ఉంచి, ఎవరినో వాటేసుకోబోతున్నట్టు రెండు చేతులూ గుండెల మీదికి తెచ్చుకున్నాడు. ఏడుపు ఆ తర్వాత.

"చంటాడు ఉలిక్కిపడ్డాడే!" అన్నాను.

"స్టార్టిల్ అయ్యాడమ్మా, నార్మలే" అంది మా అమ్మాయి, అలారం కింద నిలబడి టవల్‌తో విసురుతూ.

నార్మలేమిటో పిల్లల డాక్టరు దగ్గర చూశాను. ఆవిడ వాణ్ని వెల్లకిలా పడుకోబెట్టి, తల కింద చెయ్యి పెట్టి కాస్త లేపి, చటుక్కున ఓ అంగుళం కిందికి వదిలి మళ్లీ అరచేతిలోనే పట్టుకుంది. నాకు గుండె జారిపోయింది. వాడు మాత్రం అదే భంగిమ, చేతులు చాపడం, దగ్గరికి తెచ్చుకోవడం. "కంగారు పడకండి అత్తయ్యగారూ, అది పరీక్షేనండీ. రెండు చేతులూ సమానంగా లేవాలట" అన్నాడు మా అల్లుడు. ఒక చెయ్యే లేస్తే కాన్పులో భుజం దగ్గరి నరాలు సాగాయేమో, మెడ కింది ఎముక విరిగిందేమో అని చూస్తారట. అసలు లేవకపోతే ఇంకా పెద్ద ఆలోచన.

దీన్ని మోరో రిఫ్లెక్స్ అంటారు. రిఫ్లెక్స్ అంటే మనం అనుకోకుండా ఒళ్లు తనంతట తాను చేసే కదలిక. ఎర్న్‌స్ట్ మోరో అనే పిల్లల డాక్టరు 1918లో దీని గురించి రాశాడు. ఆయన బిడ్డ తలకి అటూ ఇటూ దిండు మీద చరిచి చూసేవాడట. కోతిపిల్ల తల్లిని కరుచుకుని ఉంటుందే, ఆ పట్టు తాలూకు మిగులే ఇది అని ఆయన ఊహ. అన్నట్టు ఈ మోరోయే, విరేచనాలతో పిల్లలు పిట్టల్లా రాలిపోతున్న రోజుల్లో, 1908లో క్యారెట్ సూప్ పట్టించి చాలామందిని బతికించాడు. నాకు ఆయన మీద గౌరవం రిఫ్లెక్స్ కన్నా ఆ సూప్ వల్ల పెరిగింది.

మా ఇంట్లో ఉలికిపాటంటే పోగొట్టాల్సిన విషయం. మా అత్తయ్య బాలింత మంచం కింద కొడవలి పెట్టించేది, బిడ్డ ఉలిక్కిపడితే "శ్రీరామరక్ష" అని గుండెల మీద చెయ్యి వేసేది. ఆ చెయ్యి వేయడం మాత్రం భలే పనిచేస్తుంది, ఇప్పటికీ. దిండు కింద ఇనుప ముక్కయినా పెడదామంటే టెక్సస్‌లో దిండే లేదు. తొట్టిలో దిండూ దుప్పటీ ఏవీ ఉండకూడదు, పిల్లాణ్ని వెల్లకిలానే పడుకోబెట్టాలి. ఇక పొత్తిళ్లలో చుట్టడం వాళ్లకీ ఉంది, దానికి జిప్పులూ వెల్క్రోలూ పెట్టి అమ్ముతారు. చుట్టి ఉంచితే వాడి చేతులు వాణ్నే లేపవు, అందుకని. ఒక్క విషయంలో డాక్టరమ్మ మాట నాకు నచ్చింది: నడుం కింద బిగించకూడదు, కాళ్లు కప్పకాళ్లలా మడుచుకోనివ్వాలి, లేకపోతే తుంటి కీలు దెబ్బతినొచ్చు. మేము పిల్లల కాళ్లు చాపి మరీ గట్టిగా చుట్టేవాళ్లం.

మాట సంగతికొస్తే, స్టార్టిల్‌కీ స్టార్ట్‌కీ చుట్టరికం ఉంది. బస్సు స్టార్టయింది అనే ఆ స్టార్టే. పాత ఇంగ్లిషులో దానికి ఎగిరిపడటం, గెంతడం అనే అర్థం. మొదలవడం అన్నది తర్వాత వచ్చి చేరింది. అంటే స్టార్టిల్ ఒంటికి సంబంధించిన మాట. సర్‌ప్రైజ్ మనసుకి. ఏం జరిగిందో బుర్రకి ఎక్కేలోపే ఒళ్లు కదిలిపోతే స్టార్టిల్, ఎక్కాక నోరెళ్లబెడితే సర్‌ప్రైజ్. షాక్‌ని ఎటూ మనం ఎప్పుడో తెలుగు చేసేసుకున్నాం. కరెంటు షాక్ కొడుతుంది, టమాటా రేటు షాకిస్తుంది, టీవీ వాళ్లకి గంటకో షాకింగ్ న్యూస్ కావాలి.

చేతులు చాపడం నాలుగు నుంచి ఆరు నెలల్లోపు పోతుంది. కానీ ఉలికిపాటు పెద్దయినా వదలదు. పెద్ద చప్పుడు చెవిన పడ్డాక సెకనులో ఇరవయ్యో వంతు గడిచేలోపే రెప్ప పడటం మొదలవుతుంది, ఆ వెంటనే భుజాలు పైకి ముడుచుకుంటాయి. వద్దనుకున్నా ఆగదు. డార్విన్ అంతటివాడు లండన్ జూలో విషప్పాము ఉన్న మందపాటి అద్దానికి మొహం ఆనించి, అది కాటు వేసినా వెనక్కి జరగకూడదని గట్టిగా అనుకున్నాడు. పాము అద్దం మీద కొట్టగానే గజమో రెండు గజాలో వెనక్కి గెంతాడు. 1872లో ఆయనే దాచకుండా రాశాడు. మా వీధిలో దీపావళికి తాటాకు టపాకాయ స్వయంగా వెలిగించి, చెవులు మూసుకుని, అది పేలుతుందని తెలిసీ అదిరిపడే మగమహారాజులందరూ నాకు గుర్తొచ్చారు.

మా వాడు పక్కకి ఒత్తిగిలడం మొదలుపెట్టగానే డాక్టరమ్మ చుట్టడం ఆపేయమంది. బోర్లా పడితే చేతులతో తల లేపుకోవాలి కదా. చేతులు విడిపించాక కొన్ని రాత్రులు జాగారమే అయింది. అప్పటికింకా వాడికి ఆ ఉలికిపాటు పూర్తిగా పోలేదు, తన చేతులకి తనే లేచి, మమ్మల్నందరినీ లేపి కూర్చోబెట్టేవాడు. నేను తిరగమోత పెట్టే ముందు మా అల్లుడు కిటికీ తీసి, ఫ్యాన్ వేసి, అప్పుడు నాకు గరిటె ఇచ్చేవాడు.