బరువైన ట్రిగ్గరే కావాలన్నాను: లైసెన్సు నుంచి కొనుగోలు దాకా నా అనుభవం

మొన్ననే రివాల్వర్ చేతికొచ్చింది. గన్ షాపులో పడ్డ మాటలు ఇంకా చెవుల్లో గింగురుమంటున్నాయి. ఆ వేడి చల్లారకముందే రాసేస్తున్నాను. మా వైపు వ్యాపారస్తులు ఇంకెవరైనా ఈ దారిలో ఉంటే పనికొస్తుంది.

మాది ఒడిశా వైపు, ఆంధ్రా సరిహద్దుకి ఆనుకున్న చిన్న పట్టణం. జీడిపిక్కల వ్యాపారం. గజపతి జిల్లా కొండ ఊళ్లలో సవర గిరిజనుల దగ్గర పిక్కలు కొని పలాస ఫ్యాక్టరీలకు తోలుతాం. సీజన్‌లో సంచిలో నగదు లేనిదే సంతలో ఒక్క బస్తా కూడా రాదు. ఘాట్ రోడ్డులో సాయంత్రం వేళ మా తోటి వ్యాపారిని ఆపి, తల పగలగొట్టి, సంచి లాక్కుపోయారు. ఆయన ఇప్పటికీ సరిగ్గా నడవలేడు. ఆసుపత్రిలో ఆయన్ని చూసి వచ్చాక లైసెన్సుకి దరఖాస్తు పెట్టాను.

కాగితాల పని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఫారం ఎ-1, ఫొటోలు, ఆధార్, ఆదాయపు పన్ను రిటర్నులు, మత్తు అలవాట్లు లేవని డాక్టర్ సర్టిఫికెట్, తుపాకీ భద్రత శిక్షణ పూర్తి చేసినట్టు ఎస్-1 సర్టిఫికెట్. 21 ఏళ్లు నిండి ఉండాలి. అంతే.

థానా విచారణలో మాత్రం మనసు చివుక్కుమంది. "మీరు ఆంధ్రా వాళ్లు కదా, అక్కడే పెట్టుకోండి" అన్నాడు అక్కడి బాబు ఒడియాలో. మా తాత పేరు మీద ఈ ఊళ్లో పట్టా ఉంది. నేను ఒడియా మీడియంలో చదువుకున్నాను. ఇంట్లో తెలుగు మాట్లాడినంత మాత్రాన పరాయివాణ్ణి అవుతానా? ఒక కాగితంలో ఇంటిపేరు ముందుందని, ఇంకోదాంట్లో వెనక ఉందని రెండూ పక్కన పడేశాడు. మన ఇంటిపేర్ల సంగతి వాళ్లకి ఎప్పుడూ తలకెక్కదు. రెండు పేర్లూ ఒకరివేనని ముందే అఫిడవిట్ చేయించి ఫైల్లో పెట్టండి, వాళ్లు అడిగేదాకా ఆగొద్దు.

ఒక్క విషయంలో వాళ్ల భయం న్యాయమైనదే. 2004 ఫిబ్రవరిలో కోరాపుట్‌లో, 2006 మార్చి 24న మా జిల్లాలోనే ఆర్. ఉదయగిరిలో మావోయిస్టులు దాడి చేసి పోలీసుల ఆయుధాలే పట్టుకుపోయారు. పోలీసుల దగ్గరే నిలవనివి నీ ఇంట్లో ఎలా నిలుస్తాయని అడిగితే సమాధానం ఉండాలి. నేను గోడలోకి బోల్టులతో బిగించిన ఇనప పెట్టె ఫొటో ముందే జతచేశాను. ఆ ప్రశ్న మళ్లీ రాలేదు.

ఇక అసలు సంగతికొస్తాను.

శిక్షణలో మాకు చెప్పినాయన రిటైర్డ్ సుబేదార్. శ్రీకాకుళం మనిషి, మాట తక్కువ. మొదటి రోజే నన్ను అడిగాడు: "బాబూ, తమరు దీన్ని చేత్తో పట్టుకుని తిరుగుతారా, చొక్కా కింద పెట్టుకుని తిరుగుతారా?" చొక్కా కిందేనన్నాను. 2016 ఆయుధ నియమాల ప్రకారం కూడా జనంలోకి వెళ్లేటప్పుడు చేతి తుపాకీ ఒంటికి తగిలించుకున్న ఒర, అంటే హోల్‌స్టర్‌లో, పూర్తిగా కప్పి ఉండాలి. పైకి కనబడేలా పెట్టుకుని బజార్లో తిరిగేవాళ్లు ఇది చదవాలి. "అయితే ట్రిగ్గర్ బరువుగా, దూరం లాగేదిగా ఉన్నది చూసుకోండి. బండి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, బస్తా ఎత్తేటప్పుడు అది మీ నడుము మీదే ఉంటుంది" అన్నాడాయన.

ఆయన చెప్పింది నాకు అర్థమైన మేరకు ఇదీ. సింగిల్ యాక్షన్‌లో హ్యామర్, అంటే తూటాని కొట్టి పేల్చే సుత్తి లాంటి భాగం, ముందే ఎత్తి ఉంటుంది. ట్రిగ్గర్ దాన్ని వదిలిపెట్టడమే, రెండు కిలోల చిల్లర ఒత్తిడి చాలు. డబుల్ యాక్షన్‌లో ట్రిగ్గరే హ్యామర్‌ని ఎత్తి, అదే వదలాలి. దానికి సుమారు అయిదు కిలోల ఒత్తిడి, పైగా వేలు చాలా దూరం వెనక్కి రావాలి. డబుల్ యాక్షన్ ఓన్లీ అంటే ప్రతి గుండుకీ ఇదే పద్ధతి. మొదటిదీ చివరిదీ ఒకేలా ఉంటాయి. గుండు పేలాక హ్యామర్ ఎత్తుకుని నిలబడదు, మళ్లీ కిందకి వచ్చేస్తుంది. అందుకే ఈ రకంలో చాలావాటికి విడిగా సేఫ్టీ మీట ఉండదు, హ్యామర్ వెనక కొమ్ము కూడా ఉండదు. కొమ్ము లేకపోతే తీసేటప్పుడు చొక్కా అంచుకి తగులుకోదు.

టెన్షన్‌లో మనిషి చెయ్యి మన మాట వినదు. ఒక చేత్తో ఎవడినైనా తోసినా, కాలు జారినా రెండో చేతి వేళ్లు కూడా వాటంతటవే బిగుసుకుంటాయి. తేలిక ట్రిగ్గర్ మీద వేలుంటే ఆ బిగువుకే పేలుతుంది. బరువైన ట్రిగ్గర్ అయితే నిజంగా కాల్చాలనుకుని లాగితేనే కదులుతుంది. న్యూయార్క్ పోలీసులు 1993లో రివాల్వర్ల నుంచి పిస్టళ్లకు మారినప్పుడు డబుల్ యాక్షన్ ఓన్లీ రకాలే తీసుకున్నారు: స్మిత్ అండ్ వెసన్ 5946, సిగ్ పి226లో ఆ రకం. గ్లాక్ 19 తీసుకున్నారు గానీ దాని ట్రిగ్గర్‌ని కావాలనే బరువు చేయించారు. రోజూ తుపాకీతో తిరిగే పోలీసులకే అంత జాగ్రత్త అవసరమైతే జీడిపిక్కలు తూచుకునే నాకు అవసరం లేదా?

ఇవన్నీ 9 ఎం.ఎం. తూటా సైజువి. మన దేశంలో అది ప్రొహిబిటెడ్ బోర్, అంటే సామాన్యులకి నిషేధించిన సైజు, మామూలు లైసెన్సు మీద రాదు. మనకి మిగిలేది ప్రధానంగా పాయింట్ 32, లేదంటే పాయింట్ 22. విదేశీ తుపాకులు తెప్పించుకోవడం 1980ల నుంచే ఆగిపోయింది. అప్పట్లో వచ్చినవి చేతులు మారుతూ ఇప్పటికీ లక్షల్లో అమ్ముడవుతున్నాయి. ఇదంతా తెలుసుకునే షాపుకి వెళ్లాను.

అది నగరంలో పెద్ద షాపు, పేరు రాయను. మా బావని తోడు తీసుకెళ్లాను. కౌంటర్ దగ్గర చాలామంది ఉన్నారు. డబుల్ యాక్షన్ ఓన్లీ పిస్టల్ పాయింట్ 32లో ఏమైనా ఉందా అని అడిగాను. షాపాయన నావైపు చూడకుండా పక్కనున్న మనిషితో హిందీలో "పల్లెటూరి షేఠ్‌కి అమెరికా సరుకు కావాలట" అన్నాడు. అందరూ నవ్వారు. ఇషాపూర్ ఫ్యాక్టరీ తయారీ అశని పిస్టల్ తీసి ముందు పెట్టాడు. అది సింగిల్ యాక్షన్ కదా అన్నాను. "సేఫ్టీ లాక్ ఉంది కదా, భయమెందుకు" అన్నాడు. ఒకడు మీదకొస్తున్నప్పుడు మీట వేసి ఉందో తీసి ఉందో గుర్తు పెట్టుకోవాలి. ఛాంబర్, అంటే తూటా పేలే గది, ఖాళీగా పెట్టుకుంటే పిస్టల్ పైన కదిలే స్లయిడ్ లాగి తూటా ఎక్కించడానికి రెండు చేతులూ కావాలి. నా రెండో చేతిలో డబ్బు సంచి ఉంటుంది. ఇదే చెప్పాను. ఆయన వినిపించుకోలేదు.

ఆ తర్వాత చేసింది నేను మర్చిపోలేను. ఒక ఖాళీ రివాల్వర్ నా చేతికిచ్చి, "హ్యామర్ ఎత్తకుండా లాగండి చూద్దాం" అన్నాడు. లాగాను. మొదటిసారి ఎవరికైనా చెయ్యి కదులుతుంది, నాదీ కదిలింది. "చూశారా, వేలికి బలం లేదు. ఇంత వయసులో మీకెందుకండీ ఇది, కుక్కని పెంచుకోండి" అని గట్టిగా అన్నాడు. మా బావ ముందు, మనవడి వయసు కుర్రాళ్ల ముందు. మా బావ ముఖం ఎర్రబడింది, "పద బావా, పోదాం" అన్నాడు. నేను కదల్లేదు. డబ్బిచ్చి కొనే మనిషిని అవమానిస్తే తలొంచుకుని ఏది ఇస్తే అది పట్టుకుపోతాడని ఇలాంటివాళ్ల లెక్క. ఎంతమంది అలా తీసుకుని ఉంటారో.

అప్పుడు లోపలి నుంచి ఒక పాత వాల్తర్ పిపికె తెచ్చాడు. ధర చెబితే మా బావ బల్ల పట్టుకున్నాడు. "మీరడిగిన డబుల్ యాక్షన్ ఇదే, ఇంతకంటే దొరకదు" అన్నాడు. నేను అన్నాను: "అయ్యా, ఇది 1931 నాటి డిజైను, మంచి పిస్టలే. కానీ మొదటి గుండుకే డబుల్ యాక్షన్. అది పేలగానే స్లయిడ్ వెనక్కొచ్చి హ్యామర్‌ని ఎత్తేస్తుంది, రెండో గుండు నుంచి ట్రిగ్గర్ తేలికైపోతుంది. నేనడిగింది ప్రతి గుండూ ఒకేలా ఉండేది." షాపంతా నిశ్శబ్దం. నవ్విన కుర్రాళ్లలో ఒకడు దగ్గరకొచ్చి, "బాబాయ్, ఆ తేడా మళ్లీ చెప్పండి" అని అడిగాడు. చెప్పాను. ముప్పై ఏళ్లు పిక్క చేతిలో పట్టుకుని లోపల పప్పు ఎంతుందో చెప్పిన మనిషిని నేను. కొనేముందు సరుకు తెలుసుకోవడం నాకు ఒకరు నేర్పనక్కర్లేదు.

ఆ షాపులో ఏమీ కొనలేదు. తర్వాత అడిగిన షాపుల్లో మర్యాద దొరికింది గానీ డబుల్ యాక్షన్ ఓన్లీ పిస్టల్ పాయింట్ 32లో ఎక్కడా దొరకలేదు. మళ్లీ సుబేదార్ గారినే అడిగాను. "పిస్టల్ అనే పేరు వదిలెయ్యండి బాబూ, మీకు కావలసింది ఆ ట్రిగ్గర్" అన్నాడు. మామూలు రివాల్వర్‌ని హ్యామర్ ముట్టకుండా వాడితే ప్రతి గుండుకీ అదే దూరం, అదే బరువు. గుండు పేలకపోతే మళ్లీ లాగడమే, తూటాలుండే సిలిండర్ తిరిగి కొత్త తూటా వస్తుంది. సంచి పట్టుకున్న చెయ్యి సంచి మీదే ఉంటుంది.

అలా కాన్పూర్ ఫ్యాక్టరీ నిర్భీక్ తీసుకున్నాను. 2014లో వచ్చింది, పాయింట్ 32, అరకిలో బరువు. అప్పట్లో ధర లక్షా 22 వేల పైచిలుకు. ఆడవాళ్ల కోసమని ప్రచారం చేశారు కాబట్టి మగవాళ్లు దాన్ని చిన్నచూపు చూస్తారు. చొక్కా కింద రోజంతా మోసేవాడికి అరకిలో ఎంత హాయో మోస్తే తెలుస్తుంది. 2023లో వచ్చిన ప్రబల్ కూడా చూశాను, బాగుంది, సిలిండర్ పక్కకి తెరుచుకుంటుంది, కానీ నా నడుముకి బరువనిపించింది. పిస్టల్ రివాల్వర్ కంటే పలచగా ఉంటుందన్నది నిజం. వదులు చొక్కా వేసుకుంటే ఆ తేడా పోతుంది.

హ్యామర్ కొమ్ము తగులుకుంటుందని కమ్మరి దగ్గర కోయించుకోవాలనుకునేవాళ్లున్నారు. ఆ పని చేయొద్దు. లైసెన్సు లేనివాడితో తుపాకీ మరమ్మతు చేయిస్తే ఆయుధ చట్టం కింద కేసవుతుంది. ట్రిగ్గర్ పూర్తిగా కప్పే గట్టి తోలు హోల్‌స్టర్ కొనండి, అందులో ఇంకేమీ పెట్టకండి. ఇంట్లో తలుపు వేసుకుని, తూటాలన్నీ ఇంకో గదిలో పెట్టి, డమ్మీ తూటాలతో రోజూ కాసేపు ట్రిగ్గర్ లాగడం అభ్యాసం చేస్తున్నాను. ఇప్పుడు చెయ్యి కదలడం లేదు. ఆ షాపాయన వచ్చి చూడొచ్చు.

పెళ్లిళ్లలో గాల్లోకి కాల్చమని మా చుట్టాలు ఇప్పటికే అడుగుతున్నారు. 2019 సవరణ తర్వాత దానికి రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. అడిగినవాళ్లని నేను మా గుమ్మం ఎక్కనివ్వను.

లైసెన్సు చేతికి రాగానే మొదట చూడాల్సింది అది ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో రాసిన గడి. నాదాంట్లో ఒడిశా మాత్రమే ఉంది. నా డబ్బు సగం దారి ఆంధ్రాలో నడుస్తుంది. సరిహద్దు దాటిన మరుక్షణం ఇదే రివాల్వర్ నన్ను నేరస్థుణ్ణి చేస్తుంది. ఆ గడి నింపినవాళ్లకి నేను పలాసతో వ్యాపారం చేస్తానని తెలుసు, బిల్లులన్నీ ఫైల్లోనే ఉన్నాయి. దరఖాస్తులోనే రెండు రాష్ట్రాలూ అడిగి, కారణం విడిగా ఒక పేజీ రాసి ఇవ్వండి.

ఎన్నికల సంగతి కూడా ముందే తెలుసుకోండి. కోడ్ రాగానే థానాలో అప్పగించాల్సి వస్తుంది. 2024లో మా వైపు పోలింగ్ మే 13న, సరిగ్గా పిక్కల సీజన్‌లో. లైసెన్సున్న మా బావ ఆ సీజనంతా ఒట్టి చేతులతో తిరిగాడు. మినహాయింపు కావాలంటే జిల్లా స్క్రీనింగ్ కమిటీకి ముందే రాసుకోవాలి. అప్పగించినప్పుడు నంబర్ వేసిన రసీదు తీసుకోకుండా బయటికి రావద్దు.

ఆంధ్రా కూడా చేర్చమని నేను మళ్లీ దరఖాస్తు పెట్టాను, జవాబు ఇంకా రాలేదు. అందాకా పలాస లోడుతో మా తమ్ముడు వెళ్తున్నాడు. ఫ్యాక్టరీ వాళ్లని సొమ్ము బ్యాంకులోనే వేయమన్నాం. కొండ సంతలకి మాత్రం నేనే వెళ్తున్నాను.