రాయని మడ్డి

మొన్నటి మాట ఇంకా మింగుడుపడలేదు.

ఫిన్లాండ్‌లో, కైనూ అనే చోట, నల్ల షేల్ రాయి నుంచి నికెల్, కోబాల్ట్ తీసే పని మాది. రాయిని కుప్పపోసి, కింద నుంచి గాలి ఊది, పైన యాసిడ్ నీళ్లు చిలకరిస్తే బ్యాక్టీరియా లోహాన్ని కరిగిస్తుంది. ఎన్నో మెట్లు దాటాక ఆ ద్రావణం మా సాల్వెంట్ సెక్షన్‌కు వస్తుంది. కిరోసిన్‌లాంటి నూనెలో కలిపిన మందు, పీహెచ్ 5 దాటిన చోట, కోబాల్ట్‌ను పట్టుకుని నికెల్‌ను నీళ్లలోనే వదిలేస్తుంది. సీసాలో పట్టి నిలబెడితే పైన నీలం నూనె, కింద ఆకుపచ్చ నీళ్లు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది.

మొన్న ఆ రెంటి మధ్య వేలి మందం గోధుమరంగు మడ్డి కనబడింది. క్రడ్ అంటాం. సన్నటి మట్టి చేరితే నూనె, నీళ్లు సరిగా విడిపోక అక్కడ పేరుకుంటుంది. ముదిరితే నూనె కూడా నీళ్లతో కొట్టుకుపోతుంది. ఏం గాదులే, తర్వాతి షిఫ్టువాళ్లు చూసుకుంటారనుకుని షిఫ్టు పుస్తకంలో రాయలేదు.

రిటైర్మెంట్‌కు దగ్గరున్న ఆపరేటరమ్మ సీసా చూసింది, పుస్తకం చూసింది. "నువ్వు చూశావు. రాయలేదు." అంతే, వెళ్లిపోయింది.

చౌటుప్పల్‌లో మందుల కంపెనీలో చేసినప్పుడు సార్ అరగంట తిట్టి, తర్వాత తనే చాయ్ చెప్పేవాడు. లెక్క సరిపోయేది. ఇక్కడ తిట్టూ లేదు, చాయీ లేదు. మనిషిని అట్ల నడిమధ్యలో వదిలేస్తారా? వీళ్లకు పనే గాని మనసు లేదని రాత్రంతా గొణుక్కున్నా.

గొణుగుతుంటే నాయన యాదికొచ్చాడు. 2003లో, సాగర్ దగ్గరి పెద్దగట్టు యురేనియం గని మీద ప్రజాభిప్రాయ సేకరణ పెడితే పోయొచ్చాడు. గని తరఫున వచ్చినోళ్లు ఏం గాదు, ఏం గాదు అన్నారంట. "ఏం గాదనేటోడు మన బోరునీళ్లు తాగుతాడారా?" అన్నాడు, వంగని మోకాళ్లు చాపుకుని. మా దేవరకొండ దిక్కు ఫ్లోరైడ్ సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది.

నిన్న పొద్దున పోయి ఆమెకు సారీ చెప్పాను. "ఎయ్ సే మితాన్" అంది. అంటే, ఏం గాదు! అంటూనే పుస్తకం, పెన్ను నా ముందుకు జరిపింది. 'నిన్న సాయంత్రం వేలి మందం క్రడ్' అని రాశాను. తారీఖు కూడా ముందురోజుదే వేయబోతే, చేయి అడ్డం పెట్టి రాస్తున్న రోజుది వేయించింది.